డయాలసిస్ మొదలయ్యాక మావారు మాట్లాడటం మానేశారు: ఇది భయమా, జబ్బా?

అమ్మా, మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీవారికి 54 ఏళ్లు. 16 ఏళ్లుగా షుగరు. గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పనిచేసిన మనిషి. ఏడు నెలలుగా సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్. మూడు నెలల నుంచి మాట తగ్గిపోయింది. రాత్రుళ్లు నిద్రపోకుండా హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. ప్రతి సోమవారం అప్పికొండ సోమేశ్వరుడి గుడికి వెళ్లి, కాసేపు సముద్రం ఒడ్డున కూర్చుని వచ్చే అలవాటు ఉండేది, ఇప్పుడు ఆ ఊసే ఎత్తడం లేదు. నీళ్లు దొంగచాటుగా తాగుతున్నారు. కిందటి వారం ఒక డయాలసిస్ మానేశారు. ఆ రోజే మీతో "నేనుంటే మీకెవరికీ సుఖం లేదు" అన్నారు. డాక్టరుగారికి చెబితే ధైర్యంగా ఉండమన్నారు. ఇది భయమా జబ్బా అని, మనసుకు మందులు వాడితే కిడ్నీలు ఇంకా పాడవుతాయా అని, మానసిక వైద్యశాలకు తీసుకువెళితే నలుగురూ ఏమనుకుంటారని అడిగారు.

మిగతావన్నీ తర్వాత. డయాలసిస్ మానేయడం, ఆ మాట అనడం ఒకే రోజు జరిగాయి కాబట్టి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఈ రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఆయన పక్కన కూర్చుని సూటిగా అడగండి: "మీకు చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని చాలామంది జంకుతారు. అలా జరగదు. అడిగేవారు ఒకరు దొరికారని కుదుటపడిన మనుషుల్నే నేను చూశాను. అవునన్నా, జవాబు చెప్పకుండా ముఖం తిప్పుకున్నా ఆయనను ఒంటరిగా వదలకండి. ఇన్సులిన్, నిద్రమాత్రలు, మిగతా మందులు మీ దగ్గర పెట్టుకోండి. టెలి మానస్ 14416కు ఫోను చేయండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే ఫోనుతో ఆగకుండా 108ని పిలిచి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మానేసిన డయాలసిస్ సంగతి కూడా యూనిట్‌కు వెంటనే చెప్పండి. ఒక్కటే కదా అనిపిస్తుంది. కానీ రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది వచ్చే ముందు ఏ నొప్పీ ఉండకపోవచ్చు.

నేను విశాఖలో 26 ఏళ్లుగా షుగరు, కిడ్నీ రోగుల మధ్యే ఉన్నాను. మొదట డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుగా, తర్వాత మళ్లీ చదువుకుని కౌన్సెలర్‌గా. "ధైర్యంగా ఉండండి" అనే మాట నేనూ కొన్ని వందల సార్లు అన్నాను. పెందుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవారు. సూది గుచ్చే ముందు ఏదో ఒక కబురు చెప్పేవారు. ఒకరోజు "అమ్మా, రాత్రంతా ఏడుపొచ్చింది" అన్నారు. నేను గొట్టాలు సర్దుతూనే "మీరే ఇలా అయిపోతే ఎలా, ధైర్యంగా ఉండాలి" అన్నాను. ఆ తర్వాత ఆయన నాతో బరువు, బీపీ అంకెలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. చాలా నెలలకు ఆయన భార్య చెప్పింది, "ధైర్యం లేనివాడినని ఆ అమ్మాయి తేల్చేసింది, ఇంక చెప్పుకోవడానికి ఏముంది" అన్నారట. కిటికీ పక్కనుండే ఆ మంచం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మీ డాక్టరుగారు చెడ్డ మనసుతో ఆ మాట అని ఉండరు. నేనూ అలా అనలేదు. అయినా ఆ మాటతో అవతలి మనిషి నోరు మూతపడుతుంది.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. మనసు దగ్గరకు వెళ్లే ముందు ఒంటిని చూడాలి, ముఖ్యంగా ఆ రాత్రి నడకను. డయాలసిస్ మీద ఉన్నవారిలో చాలామందికి పడుకోగానే కాళ్లలో చెప్పలేని పీకులాట మొదలవుతుంది, పురుగులు పాకినట్టు ఉంటుంది. లేచి నడిస్తే తగ్గుతుంది, పడుకుంటే మళ్లీ వస్తుంది. దీనిని రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారు. ఒంట్లో ఐరన్ తక్కువైతే ఇది పెరుగుతుంది. మగవాళ్లు దీన్ని జబ్బుగా చెప్పరు, "నిద్ర పట్టడం లేదు" అని ఊరుకుంటారు. "నడిస్తే కాళ్లకు హాయిగా ఉందా?" అని అడిగి చూడండి. అవునంటే ఆ మాటనే కిడ్నీ డాక్టరుగారికి చెప్పండి, దీనికి వైద్యం ఉంది.

ఇంకొకటి షుగరు పడిపోవడం. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఎప్పటి మోతాదే వేస్తుంటే రాత్రివేళ షుగరు 70 కంటే కిందికి జారవచ్చు. అప్పుడు చెమట, గుండెదడ, వణుకు, కారణం లేని కోపం, ఒకచోట నిలవలేకపోవడం. చూసేవారికి అచ్చం భయంలాగే కనిపిస్తుంది. ఇంట్లో కోపిష్టి అని పేరు పడిన ఒకాయన, సాయంత్రం ఇన్సులిన్ మోతాదును డాక్టరు తగ్గించిన వారానికే మామూలు మనిషయ్యారు. ఆయన మీద అన్నేళ్లు కోపం పెట్టుకున్నందుకు కొడుకు నా ముందే కన్నీళ్లు పెట్టుకున్నాడు. అందుకే మీవారు తిరుగుతున్నప్పుడు రెండు మూడు రాత్రులు గ్లూకోమీటరుతో చూడండి. తక్కువగా ఉంటే గ్లూకోజు పొడో, పంచదారో ఇవ్వండి. పండ్లరసం, కొబ్బరినీళ్లు వద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ.

అలసట, ఆకలి లేకపోవడం, నిద్ర చెడిపోవడం చూసి మనసు కుంగిందని చెప్పలేం. రక్తం తక్కువైనా అవే ఉంటాయి. నాలుగు గంటలు మిషను మీద పడుకుని వచ్చిన మనిషి ఆ పూటంతా పిండి ఆరేసిన బట్టలా ఉంటాడు, దాన్ని బద్ధకం అనుకోవద్దు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఎలా ఉన్నాయో అడగండి. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడి ఉంటే విటమిన్ బి12 కూడా చూపించండి. కానీ అప్పికొండ సంగతి వేరు. ఓపిక లేక గుడికి వెళ్లకపోవడం ఒకటి, వెళ్లాలన్న కోరికే లేకపోవడం ఇంకొకటి. ఇష్టమైనదాని మీద ఇష్టం పోవడం, తాను ఎవరికీ పనికిరానని అనుకోవడం, ముందు ఏమీ లేదనిపించడం, ఇవి రెండు వారాలకు మించి దాదాపు రోజంతా ఉంటే వైద్యులు డిప్రెషన్‌ను అనుమానిస్తారు. డయాలసిస్ మీద ఉన్నవారిలో నలుగురైదుగురికి ఒకరు దీనితో బాధపడుతుంటారు. పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది, పది నిమిషాలు పట్టదు. మొత్తం 27కు 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యుడు కూర్చోబెట్టి వివరంగా చూడాలి. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించే. దూరం నుంచి నేను ఆయన జబ్బుకు పేరు పెట్టను. మీరు రాసినదాన్ని బట్టి ఇది ఉత్త భయం మాత్రం కాదు, ఈ వారంలోనే చూపించాలి.

డిప్రెషన్ లేదని తేలినా బాధ లేదని కాదు. షుగరు వైద్యంలో ఈ బాధను విడిగా కొలిచే పట్టిక 1995 నుంచే ఉంది. 20 ప్రశ్నలు, 100కు లెక్క, 40 చేరితే భారం తీవ్రంగా ఉందని అర్థం. అందులో అడిగేవి పెద్ద పెద్ద సంగతులు కావు. తిండి దగ్గర ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటోందా, ముందు ముందు ఏమవుతుందోనని దిగులా, ఇంట్లోవారు, డాక్టరు అర్థం చేసుకోవడం లేదనిపిస్తోందా, ఇవే. షుగరుకు పండగ లేదు, ఆదివారం లేదు. 16 ఏళ్లుగా రోజుకు మూడుసార్లు పళ్లెం ముందు లెక్క వేసుకుని, ఆఖరుకు కిడ్నీలు పోయాయని విన్న మనిషికి "ఇన్నాళ్లూ పడ్డ పాట్లు ఎందుకు?" అనిపించడం సహజం. కిడ్నీ జబ్బు ఇంకా రానివారికి కూడా ఈ మనోభారం ఉంటుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చినవారిలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షకు రక్తం ఇచ్చి, రిపోర్టు తీసుకోకుండానే శ్రీకాకుళం బస్సెక్కి వెళ్లిపోయినవారిని చూశాను.

ఇప్పుడు మీకు కొంచెం కష్టం కలిగించే మాట చెప్పాలి. "నీళ్లు దొంగచాటుగా తాగుతున్నారు" అని రాశారు. ఆ ఒక్క మాటను నేను చాలాసార్లు చదివాను. 54 ఏళ్ల మనిషి తన ఇంట్లో తాను మంచినీళ్లు దొంగచాటుగా తాగుతున్నాడు. మీరు ప్రేమతోనే కాపలా కాస్తున్నారని నాకు తెలుసు. అయితే ఆయన వైపు నుంచి ఒక రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున గ్లూకోమీటరు అంకె చూసి "రాత్రి ఏం తిన్నారు?" అని మీరు. యూనిట్‌లో బరువు ఎక్కువ చూపిస్తే "మళ్లీ తాగేశారా?" అని టెక్నీషియన్. సాయంత్రం ఫోనులో "నాన్నా, కాస్త అదుపులో ఉండు" అని పిల్లలు. రిపోర్టు తిరగేస్తూ తల అడ్డంగా ఊపే డాక్టరు. అందరూ ఆయన మేలు కోరేవారే, అందరూ ప్రశ్నలు వేసేవారే. ఇంట్లో ఆయన రోగిగా కాక ముద్దాయిగా మారిపోయారు. ముద్దాయి తనకు తానుగా ఏం మాట్లాడతాడు? ఆయన మౌనంలో సగం ఇక్కడి నుంచే వచ్చిందని నా అనుభవం చెబుతోంది.

దాహాన్ని మనోబలానికి ముడిపెట్టకండి. ఉప్పు ఒంట్లో చేరితే దాహం వేసి తీరుతుంది, షుగరు ఎక్కువగా ఉన్నా నోరు ఎండుతుంది. దానికి తోడు మన విశాఖ ఉక్కపోత. ఆవకాయ, ఎండుచేపలు, అప్పడాలు, బజారు చిరుతిళ్లు అలాగే ఉంచి నీళ్లు మాత్రం మానమంటే ఎవరి వల్లా కాదు. ముందు ఉప్పు తగ్గాలి. తక్కువ సోడియం అని అమ్మే ఉప్పు మాత్రం కొనకండి, అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు, ఈయనకు అది ప్రమాదం. రోజుకు ఎంత ద్రవం తీసుకోవచ్చో డాక్టరుగారిని అడిగి, అందులోంచి టీ, మజ్జిగ, చారు లెక్క తీసేసి, మిగిలిన నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసి ఆయన చేతికివ్వండి. ఎప్పుడు తాగాలో ఆయన ఇష్టం. మధ్యాహ్నానికే అయిపోతే ఆ సాయంత్రాన్ని ఎలా గడపాలో ఆయనే చూసుకుంటారు, చిన్న ఐసుముక్క చప్పరించడం లాంటి ఉపాయాలు ఆయనే నేర్చుకుంటారు. సీసా వైపు మీరు చూడకండి. మొదటి వారం మీకే ఎక్కువ కష్టంగా ఉంటుంది. గ్లూకోమీటరు అంకెకు కూడా మంచి, చెడు అనే మాటలు తీసేసి ఎక్కువ, తక్కువ అని మాత్రమే అనండి.

రోజుకు ఒక పది నిమిషాలు, మందుల మాట లేకుండా, "ఇవాళ అన్నింటికంటే విసుగు తెప్పించినది ఏది?" అని అడగండి. "ఏమీ లేదు" అంటారు. మర్నాడు మళ్లీ అడగండి. ఏ రోజో "ఆ ఏసీ చలికి చెయ్యి మొద్దుబారిపోతోంది" అంటారు. అప్పుడు దుప్పటి తీసుకెళ్లమని వెంటనే సలహా ఇవ్వాలనిపిస్తుంది. ఆగండి. "నాలుగు గంటలు అలాగే ఉండాలంటే కష్టమే" అని ఊరుకోండి. దుప్పటి తర్వాత ఇవ్వవచ్చు. తన మాట విన్న వెంటనే ఎవరూ తనను సరిదిద్దలేదని ఆయనకు తెలిస్తే రెండో మాట వస్తుంది. చావు ఆలోచన లాంటి మాట బయటకు రావాలన్నా ముందు ఈ చిన్న మాటలకు దారి ఉండాలి.

మీకు కాపలా అలవాటు పోకపోతే దాన్ని గుమ్మం దగ్గరకు మార్చండి. చూడటానికి వచ్చే చుట్టాలు కొబ్బరిబొండాలు, అరటిపండ్లు తెస్తారు. "మా తోడల్లుడికి పసరుతో నయమైంది, ఈ మిషను ఎందుకు" అంటారు. ఆ పసర్లు, పొడులు మిగిలి ఉన్న కాస్త కిడ్నీ శక్తినీ తీసేయగలవు. అలాంటి మాటలు ఆయన చెవిన పడకుండా మీరు గుమ్మంలోనే ఆపవచ్చు.

అడగడం, వినడం వల్ల ఏమవుతుందని మీకు అనిపించవచ్చు. మన ఊరికే సంబంధించిన ఒక పరిశోధన చెబుతాను. షుగరుతో పాటు డిప్రెషన్ లక్షణాలు కూడా ఉన్న 404 మందితో మన దేశంలో నాలుగు క్లినిక్‌లలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది, ఆ నాలుగింటిలో ఒకటి విశాఖపట్నంలోది. ఫలితాలు 2020లో జామా అనే వైద్య పత్రికలో వచ్చాయి. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి అదే వైద్యంతో పాటు శిక్షణ పొందిన ఒక సమన్వయకర్త. ఆ సమన్వయకర్త డాక్టరు కారు. రోగితో తరచూ మాట్లాడి, దిగులు ఎలా ఉందో, మందులు, తిండి ఎక్కడ కష్టమవుతున్నాయో తెలుసుకుని, నిపుణులకు చేరవేయడం ఆ వ్యక్తి పని. రెండేళ్ల తర్వాత చూస్తే, దిగులు సగానికి తగ్గడంతో పాటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటైనా మెరుగుపడినవారు ఆ బృందంలో 100కు 72 మంది, మామూలు వైద్యం బృందంలో 57 మంది. డాక్టరుకు ఒక్కొక్కరితో అంతసేపు కూర్చునే తీరిక ఉండదు. ఆ పని కోసమే ఒక మనిషి ఉంటే మనసుతో పాటు రక్తపరీక్షలూ మారాయి. ప్రతి డయాలసిస్ యూనిట్‌లో అలాంటి ఒక మనిషి ఉండాలని నేను ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను.

మందుల భయం గురించి. డయాలసిస్ రోగులకు డిప్రెషన్ మందులు ఇస్తారు, ఇవ్వవచ్చు. మందును, మోతాదును కిడ్నీలను దృష్టిలో పెట్టుకుని ఎంచుకుంటారు. అందుకే మానసిక వైద్యుడికి డయాలసిస్ సంగతి, కిడ్నీ డాక్టరుకు ఈ మందు సంగతి తప్పకుండా తెలియాలి. తరచూ వాడే సెర్ట్రలిన్ ఎక్కువగా కాలేయంలోనే విచ్ఛిన్నమవుతుంది. 2019లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో డయాలసిస్ రోగులకు కొందరికి ఈ మందు, మరికొందరికి మిషను మీద ఉండగానే ఆలోచనల తీరును మార్చే చికిత్స ఇచ్చారు. మూడు నెలల్లో ఇద్దరికీ మేలు జరిగింది, మందుతో కొద్దిగా ఎక్కువ, దుష్ఫలితాలు కూడా మందుతోనే ఎక్కువ. కాబట్టి మందు ఒక్కటే దారి కాదు. ఒకవేళ రాస్తే, గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పని చేయడం లేదని పది రోజులకే ఆపకండి, తగ్గిందని ఒక్కసారిగానూ మానకండి. వీటికి అలవాటు పడిపోతారన్న భయం అనవసరం. అలవాటు చేసేవి అల్ప్రాజొలామ్ లాంటి మాత్రలు, చాలా ఇళ్లలో వాటినే చీటీ లేకుండా నిద్ర కోసం కొని వేసుకుంటారు.

వాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల పేరు చెప్పడానికి మీరు సంకోచించారు. ఈ ఊళ్లో ఆ పేరుతో పిల్లలు ఒకరినొకరు ఏడిపించుకోవడం నాకూ తెలుసు. అది ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రి, ఓపీలో కూర్చునేవారిలో నిద్రపట్టనివారు, దిగులుతో ఉన్నవారు, పరీక్షల భయంతో వచ్చిన పిల్లలు ఉంటారు. అక్కడికి వెళ్లడం ఇష్టం లేకపోతే ఏ ఆసుపత్రిలోనైనా మానసిక వైద్యుడిని చూడండి, ఎక్కడ చూపించారన్నది ముఖ్యం కాదు. ఆరోగ్య బీమా ఉంటే, 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శారీరక జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ ఇవ్వాలి, పాలసీ తీసి చూసుకోండి. చుట్టాలు అడిగితే "నిద్ర కోసం చూపిస్తున్నాం" అనండి, అది అబద్ధం కూడా కాదు.

డబ్బు గురించి మీరు రాయలేదు, కానీ ఆయన బాధలో అది లేకుండా ఉండదు. డయాలసిస్ రోగులకు రాష్ట్రం ఇచ్చే పింఛను నెలకు 10,000 రూపాయలు. అందుతోందో లేదో సచివాలయంలో కనుక్కోండి. అంతకంటే పెద్దది పని. ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలను కలిపి చేసిన దారి, ఉన్న చేతితో బరువులు ఎత్తకూడదు కాబట్టి పాత పని కుదరదు. అయినా లేత్ పని అంత తెలిసిన మనిషి కొత్త కుర్రాళ్లకు కొలతలు చూపించగలరు, కూర్చుని బిల్లులు రాయగలరు. వారంలో రెండు పూటలు చాలు. షాపు యజమానిని మీరు అడగకండి, ఆయనే అడగాలి. కొంచెం తేరుకున్నాక.

మీ సంగతి కూడా రాయలేదు. రాత్రి ఆయన నడిస్తే మీకూ నిద్ర లేదన్నమాట. వారంలో ఒక డయాలసిస్‌కు కొడుకునో, తమ్ముడినో పంపి, ఆ నాలుగు గంటలు మీరు పడుకోండి.

ఇక అప్పికొండ. ఆయనకు డయాలసిస్ సోమ, బుధ, శుక్రవారాల్లో. అంటే జబ్బు వచ్చి ఆయన సోమవారాన్ని తీసుకుపోయింది. ఈ రెండు సంగతులూ మీరు వేర్వేరు చోట్ల రాశారు, కలిపి చూశారో లేదో. చాలా యూనిట్లలో మంగళ, గురు, శనివారాల బ్యాచ్ కూడా ఉంటుంది. ఖాళీ ఉందేమో అడగండి, లేకపోతే పేరు రాయించండి. మారేటప్పుడు మధ్యలో రోజులు ఎక్కువ కాకుండా తేదీలు డాక్టరుగారే చూడాలి. అది కుదిరిన మొదటి సోమవారం ఆయనను బలవంతం చేయవద్దు. ఆటో మాట్లాడుకుని, "నేను గుడికి వెళుతున్నాను, వస్తారా?" అని ఒక్కసారి అడగండి. వస్తే, నీళ్ల సీసా ఆయన చేతిలోనే ఉండనివ్వండి.